బ్యాటరీ గదిలో వెలిగిన బల్బు

మామునూరులో మళ్లీ విమానాలు దిగుతాయన్న మాట మొదలైనప్పటి నుంచి వరంగల్ చుట్టుపక్కల ఎత్తయిన కట్టడాల మీద ఎర్రదీపాల గురించి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఆ మధ్య సెల్ టవర్ల పనిలో కొత్తగా చేరినవాళ్లకు ఎక్కడో శిక్షణ జరుగుతుంటే, పాత టెక్నీషియన్‌ని కదా అని నన్నూ ఒక గంట మాట్లాడమన్నారు. వరద వచ్చిన రోజు సాయంత్రం మా టవర్ మీద దీపం ఎలా వెలిగించామో చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఆ దీపం అంతకుముందు ఎందుకు ఆరిపోయి ఉందో ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. శిక్షణలో చెప్పకుండా వదిలేసిన సగం ఇప్పుడు ఆ కొత్తవాళ్ల కోసం రాస్తున్నాను.

మా రిలే కేంద్రం నర్సంపేట దారిలో ఒక గుట్ట మీద ఉండేది. టెలిఫోన్ మాటలను గాలిలో ఒక చోటు నుంచి ఇంకో చోటుకు అందించే టవర్ అది. దానికి మూడు ఎత్తుల్లో ఎర్రదీపాలు ఉండేవి. కింద ఒకటి, నడుమ ఒకటి, కొసన ఒకటి. కింది రెండు దీపాలూ అక్కడ టవర్ ఉందని చెబుతాయి. అది ఎంత ఎత్తు వరకు ఉందో చెప్పేది కొస దీపం. పైలట్‌కు అసలు కావలసింది అదే. ఈ సంగతి నేను పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు తెచ్చుకున్నాను. మనసుకు పట్టేసరికి మాత్రం నాకు నలభై ఆరేళ్ల వయసు వచ్చింది.

దీపాలు వెలుగుతున్నాయో లేదో గదిలో కూర్చునే తెలుసుకునే ఏర్పాటు మాకు ఉండేది. గోడకు ఒక ప్యానెల్, దాని మీద మూడు చిన్న పచ్చ బల్బులు. పైన దీపం మాడిపోతే దానిలో పారే కరెంటు ఆగుతుంది, ఇక్కడ పచ్చ బల్బు ఆరిపోతుంది, బజర్ మోగుతుంది. రోజూ సాయంత్రం ప్యానెల్ చూసి, రిజిస్టరులో ‘మూడు దీపాలు వెలిగినవి’ అని రాసి సంతకం పెట్టాలి. బయటికి వెళ్లి తల ఎత్తి చూడాలని నియమాల్లో ఉంది. మేమెవరమూ వెళ్లేవాళ్లం కాదు. ఇవాళ టవర్ బాగుందని మీ ఫోన్లో కనిపించే పచ్చ గుర్తు మా ప్యానెల్ బల్బుకు మనవడి వరస అవుతుంది. అందుకే మీకు ఇదంతా చెబుతున్నాను.

టవర్ ఎక్కే మనిషిని రిగ్గర్ అంటారు. మా రిగ్గర్ కాజీపేట వాడు, అందరికీ చాచా. ఇంకో ఏడాదిలో రిటైర్ కావలసిన మనిషి. మూడు కేంద్రాలకు ఆయనొక్కడే. ‘మా ఇంట్ల అందరు పట్టాల మీద పోయెటోళ్లే. నేనొక్కడినే పైకి పోయేది’ అని తన వాళ్ల రైల్వే నౌకరీల మీద నవ్వేవాడు. పైకి ఎక్కే ముందు ఆయన తప్పకుండా చేసే పని ఒకటుంది. దీపాల ఫ్యూజు తానే పీకి, చొక్కా జేబులో వేసుకుని, గుండీ పెట్టుకుని ఎక్కేవాడు. పైన తన చేతులు తీగల మీద ఉన్నప్పుడు కింద ఎవడైనా మరిచిపోయి స్విచ్ వేసినా కరెంటు పోకుండా. ఎవరినీ నమ్మకపోవడం కాదు అది. ఆయన మాటల్లోనే చెప్పాలంటే, ‘నమ్మకం గుండెల ఉండాలె, ఫ్యూజు జేబుల ఉండాలె.’

వరద వచ్చిన ఏడాది వానల మొదట్లో మా ఇద్దరికీ చెడింది. నెలకోసారి టెక్నీషియన్ కూడా టవర్ ఎక్కి దీపాలు చూసి రావాలి. నేను సగానికి మించి ఎప్పుడూ ఎక్కలేదు. ఎత్తుకు వెళితే నాకు అరచేతుల్లో చెమట పోసేది. ఎక్కకుండానే ఎక్కినట్టు రాసేవాణ్ని. తనిఖీకి వచ్చిన ఇంజనీరు సార్ ముందే చాచా ఆ మాట అనేశాడు.

“మా టెక్నీషియన్ సార్ సంతకం మాత్రం కొసదాక ఎక్కుతది సార్. మనిషి నడుమలనే ఆగుతడు.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ మాట నాలోనే ఉండిపోయింది. ఆ తర్వాత ఆయనతో పని ఉంటే తప్ప మాట్లాడలేదు.

వారం తిరక్కుండానే ఒక పిడుగుకు కొస దీపం పోయింది. బజర్ ఆగకుండా మోగుతోంది. చాచా వేరే కేంద్రంలో ఉన్నాడు. ఒక్క ఫోన్ చేస్తే మర్నాటికి వచ్చేవాడు. నేను చేయలేదు. ఆయన్ని పిలిస్తే, నువ్వెందుకు ఎక్కలేదని అడుగుతాడు. ఆ ప్రశ్న తప్పించుకోవడానికి నాకు ఒక ఉపాయం తోచింది. ప్యానెల్‌కు కావలసింది కొంత కరెంటు పారడమే. అది ఎక్కడ పారితే దానికేం? కొస దీపం తీగకు ఒక కొన కలిపి, బ్యాటరీ గదిలో అదే వాట్ల బల్బు ఒకటి వేలాడదీశాను. పచ్చ బల్బు వెలిగింది. బజర్ నోరు మూసింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. రెండు రోజుల ముచ్చటే కదా, వాన తెరిపి ఇవ్వగానే సరిచేద్దాం అనుకున్నాను.

వాన తెరిపి ఇచ్చింది. నాకే గుర్తుకు రాలేదు అని రాస్తే అది అబద్ధం అవుతుంది. రోజూ గుర్తుకు వచ్చేది. రోజూ ‘మూడు దీపాలు వెలిగినవి’ అని రాసేవాణ్ని.

మా కేంద్రంలో నాతో పాటు ఇంకో టెక్నీషియన్ ఉండేది, కొత్తగా చేరిన అమ్మాయి. నన్ను అన్నా అనేది. ఒకరోజు బ్యాటరీ గది నుంచి వస్తూ అడిగింది.

“అన్నా, లోపల గా బల్బు పగలంత ఆరి ఉంటది, పొద్దుమూకంగనే వెలుగుతాంది. ఎందుకే?”

“చెమ్మ పట్టకుండ ఉండనీకి” అన్నాను.

“మంచిగుంది. నా చున్నీ ఆరేసుకుంట అక్కడ” అంది. నిజంగానే ఆరేసుకునేది కూడా. నా అబద్ధం మీద ఒక మనిషి తడిబట్టలు ఆరేసుకోవడం రోజూ చూస్తూ ఉన్నాను. ఆ నెలలోనే ఇంజనీరు సార్ ఫోన్ చేసి, మూడు కేంద్రాల్లోనూ దీపాల ఫిర్యాదు లేనిది మీదొక్కటే, శభాష్ అన్నాడు. థాంక్యూ సార్ అన్నాను.

అలా నలభై రోజులు గడిచాయి. అప్పుడు వరద వచ్చింది.

మూడు రోజులు వాన విడవలేదు. వాగులు రోడ్లెక్కాయి. చాచా ఇంకో కేంద్రానికి బయలుదేరి, దారి తెగడంతో ఆ పొద్దున మా దగ్గర ఆగిపోయాడు. గుట్టకు అవతల ఒక ఊరు మునిగింది. అక్కడి వాళ్లను హెలికాప్టర్‌లో తెచ్చి నగరంలో ఒక మైదానంలో దించుతున్నారని విన్నాం. మధ్యాహ్నం రెండుసార్లు మా గుట్ట పక్క నుంచే పోయింది. మబ్బులు కిందికి దిగి ఉండడంతో అది కూడా కిందికే ఎగురుతోంది.

సాయంత్రం అయిదింటికి ఫోన్ మోగింది. వరద సహాయం చూసే కంట్రోల్ రూమ్ అధికారి.

“మీ టవర్ లైట్లు వెలుగుతున్నాయా? చివరి ట్రిప్పు చీకటిపడే వేళకు మీ గుట్ట దగ్గరికి వస్తుంది. పైలట్ అడుగుతున్నాడు.”

ప్యానెల్ వైపు చూశాను. మబ్బుకు అప్పటికే దీపాలు వాటంతటవే వెలిగాయి. మూడూ పచ్చగా ఉన్నాయి.

“వెలుగుతున్నాయి సార్” అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో ఇప్పటికీ గుర్తుంది. నలభై రోజులు రాసిన మాటే కదా, అలవాటైపోయింది. ఫోన్ పెట్టేసేసరికి అమ్మాయి కిటికీలోంచి పైకి చూస్తోంది.

“అన్నా, రెండే కనవడుతున్నయ్.”

“మబ్బు అడ్డమొచ్చిందేమో.”

“మబ్బేడిది? కొసన పిడుగు కడ్డీ సుత కనవడుతాంది.”

చాచా చాయ్ తాగుతున్నాడు. గ్లాసు కింద పెట్టాడు. బయటికి వెళ్లి పైకి చూశాడు, లోపలికొచ్చి ప్యానెల్ చూశాడు, నేరుగా బ్యాటరీ గదిలోకి నడిచాడు. నేను వెనకే వెళ్లాను. బల్బు, దాని పక్కన ఆరేసిన చున్నీ. ముప్పయ్యేళ్లకు పైగా తీగలు చూసిన మనిషికి వివరించడానికి ఏముంటుంది?

“ఎన్ని రోజులాయె?”

“నలభై.”

“నన్ను పిలువనీకె ఏమడ్డమొచ్చింది బేటా?”

ఆయనే అన్నాడు. “గా దినం నేనన్న మాటనా?”

తల ఊపాను. నన్ను తిడతాడనుకున్నాను. “నా నోరు సుత తక్కువది కాదు” అని మాత్రం అన్నాడు. తర్వాత, “ముందు ఫోన్ చెయ్యి. గా హెలికాప్టర్ల మనుషులుంటరు” అన్నాడు.

నా ఉద్యోగ జీవితంలో బరువైన పనులు చాలా చేశాను. ఆ ఫోన్ ఎత్తడం కన్నా బరువైనది లేదు.

“సార్, ఇందాక మీకు తప్పు చెప్పిన. కొస లైటు ఆరిపోయి ఉంది.”

“ఇప్పుడే కదా వెలుగుతోందన్నారు?”

“అబద్ధం చెప్పిన సార్.”

కోప్పడితే బాగుండుననిపించింది. ఆయన కోప్పడలేదు, లెక్క చెప్పాడు. మునిగిన ఊళ్లో స్కూలు స్లాబు మీద పద్నాలుగు మంది మిగిలి ఉన్నారు. హెలికాప్టర్ గుట్టకు అవతలే ఒక మెట్ట మీద దిగి ఎదురుచూస్తోంది. నీళ్లు స్లాబుకు మూరెడు కిందికి వచ్చాయి. ఎగువన చెరువు కట్ట తెల్లారేదాకా ఆగుతుందో లేదో ఎవరూ చెప్పలేకపోతున్నారు. కొస దీపం లేకుండా ఈ మబ్బులో ఆ గుట్ట పక్కకు రానని పైలట్ అంటాడు, అనాలి కూడా.

“ఆరింటికి నేను పైలట్‌కు జవాబు చెప్పాలి. వెలిగితే వెలిగిందనండి. వెలగకపోతే వెలగలేదనండి. ఇంకేమీ వద్దు.”

గడియారం అయిదూ పది చూపిస్తోంది. నేను నడుము బెల్టు తీసుకున్నాను.

“నేనెక్కుత చాచా. తప్పు నాది.”

“నువ్వెక్కితే హెలికాప్టర్ రేపటికొస్తది. ఇటియ్యి.”

“తడిసి ఉంది. నీ మోకాళ్లు...”

“నా మోకాళ్లకు నేను చెప్పుకుంట. నువ్వు కింద ఉండి చెప్పింది చెయ్యి.”

వాన ఆగింది కానీ గాలి తగ్గలేదు. ఎప్పటిలాగే ఫ్యూజు పీకి జేబులో వేసుకుని, గుండీ పెట్టుకున్నాడు. కొత్త బల్బు గుడ్డలో చుట్టి నడుముకు కట్టుకున్నాడు. ఎక్కడం మొదలుపెట్టాడు. మామూలుగా ఆయన ఎక్కుతుంటే మేం ఎవరి పనుల్లో వాళ్లం ఉండేవాళ్లం. ఆ రోజు ఒక్కో మెట్టూ లెక్కపెడుతూ నిలబడ్డాను. నేను ఎప్పుడూ ఆగిపోయే నడుమ చోటు దాటి ఆయన పైకి పోతుంటే చూడటానికి సిగ్గేసింది. గాలి వీచినప్పుడల్లా ఆగి, కమ్మీని కావలించుకుని, మళ్లీ కదిలేవాడు. అయిదూ నలభై అయిదుకు కొస చేరాడు. వాకీటాకీలో గొంతు వినిపించింది.

“లోపలంత చిలుము పట్టింది. గీకుతాన.”

పది నిమిషాలు. “పెట్టిన. మూత బిగించిన.”

అప్పుడు వచ్చింది చిక్కు. ఫ్యూజు ఆయన జేబులో, కొసన ఉంది. ఆయన దిగి వచ్చేసరికి అరగంట దాటుతుంది. ఆరింటికి ఇంకో అయిదు నిమిషాలే.

“స్టోర్ల ఇంకో ఫ్యూజు ఉన్నది. తెచ్చి పెట్టు” అన్నాడు చాచా.

“నువ్వు పైనుండంగనా? రూలు కాదు చాచా.”

“నువ్వు నాకు రూలు చెప్పవడితివా?”

ఆ మాటకు పక్కనున్న అమ్మాయి నవ్వబోయి ఆపుకుంది. నాకు నవ్వు రాలేదు. ఇన్నేళ్లలో ఆయన ఎవరికీ ఇవ్వని నమ్మకం అది. ఇస్తున్నది ఎవరికి? నలభై రోజులు దొంగ బల్బు వెలిగించినవాడికి.

ముందు బ్యాటరీ గదిలోకి వెళ్లి ఆ బల్బు తీగ కత్తిరించాను. అది ఉంటే ప్యానెల్ మళ్లీ నాకు నచ్చిన మాటే చెబుతుంది. తర్వాత స్టోరు నుంచి ఫ్యూజు తెచ్చాను.

“చాచా, చేతులు తీసినవా?”

“తీసిన. నిచ్చెన మీదికి దిగిన. దీపం నా నెత్తి మీద ఉన్నది.”

“మళ్లొకసారి చెప్పు.”

“తీసిన బేటా.”

“ఇంకొక్కసారి.”

“నిఖా చదివిస్తున్నవార? మూడు మాట్ల చెప్పిన, కబూల్. పెట్టు ఇగ.”

పెట్టాను. పచ్చ బల్బు వెలిగింది. ఆ పచ్చ బల్బును నమ్మి ఒక్క క్షణం కూడా నిలబడలేదు నేను. బయటికి పరిగెత్తాను. అమ్మాయి అప్పటికే అక్కడుంది, తల వెనక్కి వాల్చి చూస్తోంది.

“మూడు అన్నా.”

నేను కూడా లెక్కపెట్టాను. కింద ఒకటి, నడుమ ఒకటి, కొసన ఒకటి. ఆ కొస దీపం కింద, నిచ్చెనకు ఆనుకుని, ఇంత మనిషి.

ఫోన్ చేశాను. “వెలిగింది సార్. కళ్లతో చూసి చెప్తున్న.”

“సరే” అన్నాడాయన. అంతే.

చాచా నడుమ అంతస్తు దాకా దిగేసరికి హెలికాప్టర్ చప్పుడు వినిపించింది. మబ్బులోంచి బయటపడి, మా గుట్ట వైపే తిన్నగా వస్తూ, దూరంగా ఉండగానే ఎడమకు వంగి, టవర్‌ను చుట్టి నగరం వైపు పోయింది. ఎక్కడ వంగాలో దానికి తెలిసింది. మేం ముగ్గురం చెప్పాం. నా మొత్తం సర్వీసులో నేను ఇంతగా గర్వపడింది ఆ ఒక్క వంపు గురించే. దాన్ని గర్వం అనవచ్చో లేదో ఇప్పటికీ తేల్చుకోలేదు. నేనే ఆర్పిపెట్టిన దీపం అది.

చాచా కిందికి వచ్చి కూర్చుని మోకాళ్లు రుద్దుకుంటూ అన్నాడు. “హెలికాప్టర్ల ఒక ముసలామె అద్దంల నుంచి నన్ను చూసింది. గాల్ల వేలాడుతాండు, వీనినెవరన్న కాపాడుండ్రి అనుకున్నట్టుంది.”

కాసేపటికి కంట్రోల్ రూమ్ నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది. పద్నాలుగు మందీ దిగారు. దీపం సరిచేసినవాళ్లకు ప్రశంసాపత్రం పంపుతాం, పేరు చెప్పండి అన్నారు. చాచా పూర్తి పేరు చెప్పాను.

“మీ పేరు?”

“నా పేరు ఇంకో కాగితంల వస్తది సార్” అన్నాను.

ఆ ఇంకో కాగితం నేనే రాశాను. ఇంజనీరు సార్ మంచివాడు. మర్నాడు ఫోన్ చేసి, “దీపం వెలిగింది కదా, ఆ బల్బు సంగతి రాయకయ్యా, నీకూ నాకూ తలనొప్పి” అన్నాడు. రాయకుండా ఉండాలని నాకు ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను. మధ్యాహ్నం దాకా పెన్ను పట్టుకుని కూర్చున్నాను. చాచా వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

“రాస్తే మొత్తం రాయి. నేను పైనుండంగ ఫ్యూజు పెట్టించిన ముచ్చట సుత రాయి. గది నా తప్పు.”

రెండూ రాశాను. నలభై రోజుల సంతకాల పక్కన ఎర్ర సిరాతో ‘చూడలేదు’ అని రాసి మళ్లీ సంతకం చేశాను. నలభై సార్లు. చేయి నొప్పి పుట్టింది. ఆ తర్వాత మా రిజిస్టరు మారింది. ప్యానెల్ చూసింది ఎవరు, బయటికి వెళ్లి కళ్లతో చూసింది ఎవరు అని రెండు వేర్వేరు సంతకాలు. ఆ పద్ధతి మిగతా రెండు కేంద్రాలకు కూడా వెళ్లింది. చాచా రిటైర్ అయ్యేలోపు నాకు కొసదాకా ఎక్కడం నేర్పాడు. చెమట పోయడం ఆగలేదు. చెమటతోనే ఎక్కాను. నా రిటైర్మెంట్ వరకు ఆ దీపాలు నేనే మార్చాను.

రెండు నెలలకు రెండు కవర్లు ఒకే టపాలో వచ్చాయి. ఒకటి చాచాకు, ఒకటి నాకు. రెండూ ఇంగ్లీషులో ఉన్నాయి. చాచా తనది నా చేతికిచ్చి చదివి చెప్పమన్నాడు. ధైర్యం, కర్తవ్యనిష్ఠ, ఆదర్శం, అన్నీ తెలుగు చేసి చెప్పాను. అమ్మాయి కూడా కుర్చీ దగ్గరకు లాక్కుని వింది. అయిపోయాక చాచా నా కవరు వైపు చూపించాడు.

“నీది సుత చదువు.”

“నాదెందుకు చాచా?”

“నాది అందరిముందట చదివితివి గద.”

కవరు చింపాను. ఉద్దేశపూర్వకంగా తప్పుడు నమోదులు, ప్రాణహాని కలిగించగల నిర్లక్ష్యం, ప్రమోషన్ జాబితా నుంచి తొలగింపు. ఇంగ్లీషు వాక్యం చదివి, తెలుగులో అర్థం చెబుతూ, కింద సంతకం దాకా చదివాను. ఒక్క ముక్క కూడా వదల్లేదు, మెత్తబరచలేదు. వాళ్లిద్దరూ కదలకుండా విన్నారు.

చాచా రెండు కాగితాలూ అందుకుని పక్కపక్కన బల్ల మీద పెట్టాడు. ఇంగ్లీషు చదవడం రాకపోయినా కాసేపు వాటి వైపే చూశాడు.

“రెండిట్ల సుత అబద్ధమేం రాయలే” అన్నాడు.